విల్లు ఇండియాది, కందకం ఎవరిది? – 1781 దక్షిణ కరోలినా ముట్టడులు, నేల చెబుతున్న కథ

కందకం:
అమెరికా స్వాతంత్ర్య యుద్ధం అనగానే అందరికీ సారటోగా, యార్క్‌టౌన్ గుర్తొస్తాయి. ఈ మధ్య నన్ను పట్టుకున్నవి వాటి ముందు పిల్ల గొడవల్లా కనిపించే ముట్టడులు. 1781 ఏప్రిల్ నుంచి జూన్ దాకా దక్షిణ కరోలినాలో వరసగా జరిగాయి. అప్పటికి చార్లెస్టన్ రేవు బ్రిటిష్ వారి చేతిలో ఉంది. అక్కడి నుంచి లోపలున్న కామ్డెన్ దాకా తిండిగింజలు, మందుగుండు పోవాలి. ఆ దారి కాపాడడానికి నదుల వెంట చిన్న చిన్న ఠాణాలు కట్టుకున్నారు. వాటిలో ఫోర్ట్ వాట్సన్ ఏప్రిల్ 23న పడిపోయింది. ఆరెంజ్‌బర్గ్ మే 11న, ఫోర్ట్ మోట్ మే 12న, ఫోర్ట్ గ్రాన్బీ మే 15న లొంగిపోయాయి. సరిహద్దు అవతల జార్జియాలో అగస్టా జూన్ 5న పోయింది. ముట్టడిని తట్టుకుని నిలిచింది నైంటీ సిక్స్ అనే ఊళ్లోని కోట ఒక్కటే.

వీటిలో ఫోర్ట్ మోట్ కథ అందరికీ ఇష్టం. అది అసలు కోట కాదు, కాంగరీ నది పక్క గుట్ట మీద రెబెకా మోట్ అనే వితంతువు మేడ. బ్రిటిష్ వారు ఆమెను దగ్గరలోని పాత ఇంటికి పంపి, మేడ చుట్టూ కందకం తవ్వి దుంగల దడి కట్టారు. దాని ముందు చెట్లు నరికి, మొనదేలిన కొమ్మలు బయటి వైపు ఉండేలా పరిచారు. లోపల లెఫ్టినెంట్ మెక్‌ఫెర్సన్. బయట అమెరికన్ల వైపు ఫ్రాన్సిస్ మారియన్ మిలీషియా (స్థానిక పౌరదళం), హెన్రీ లీ దళం, వాళ్లిద్దరికీ కలిపి ఒకే ఒక్క ఆరు పౌన్ల ఫిరంగి. మే 8న ముట్టడి మొదలైంది. 10న బ్రిటిష్ సేనాని లార్డ్ రాడన్ కామ్డెన్ వదిలి ఇటువైపు బయలుదేరాడు. 11 రాత్రి అతని సైన్యం వేసుకున్న నెగళ్లు దూరంగా కనిపించాయి. ఇక కందకం తవ్వుతూ కూర్చునే వ్యవధి లేదు. మేడ పైకప్పుకు నిప్పు పెడితే తప్ప పని కాదు.

లీ 1812లో అచ్చయిన తన జ్ఞాపకాల్లో రాసిన ప్రకారం ఆ మాట రెబెకాకు చెప్పడానికి ఆయన చాలా మొహమాటపడ్డాడట. ఆమె మాత్రం నవ్వుతూ ఒప్పుకోవడమే కాక, ఇండియా నుంచి వచ్చిన విల్లూ బాణాలూ తన దగ్గర ఉన్నాయని, సైనికులు చేసుకున్న వాటికంటే ఇవే నయమని తెప్పించి ఇచ్చిందట. కప్పు అంటుకుంది, మెక్‌ఫెర్సన్ లొంగిపోయాడు. మంటలార్పాక ఇరుపక్షాల అధికారులూ ఆమె ఇంటి భోజనానికే కూర్చున్నారు.

కథ బాగుంది. బాగా ఎక్కువ బాగుంది. అందుకే అడుగుతున్నాను: అక్కడ తవ్వినవాళ్లకు ఏం కనిపించింది?

గోల్కొండవాసి:
ఇండియా విల్లా! ఆ రోజుల్లో మచిలీపట్నం నుంచి లండన్‌కు ఓడలు నడిచేవి కదా. మన తీరం నుంచే పోయి ఉండవచ్చు. కరోలినా యుద్ధంలో కోరమాండల్ విల్లు! ఎవరైనా దీని మీద పని చేశారా?

పాతరాళ్లు:
నెమ్మదండీ. ఆ విల్లు ఏ రేవులో ఓడ ఎక్కిందో లీ రాయలేదు. రెబెకా అన్నయ్య మైల్స్ బ్రూటన్ చార్లెస్టన్‌లో పేరుమోసిన వర్తకుడు, బానిసల వ్యాపారి. 1775లో సముద్రంలో పోయాడు. ఫోర్ట్ మోట్ నిలిచిన తోట ఆమెకు ఆయన ద్వారానే వచ్చింది. అలాంటి ఇంట్లో తూర్పు దేశాల నుంచి వచ్చిన వింత వస్తువు ఒకటి ఉండడంలో ఆశ్చర్యం లేదు. మచిలీపట్నం దాకా లాగడానికి మాత్రం ఆధారం లేదు.

ఇంకో చిక్కుంది. 1821లో వచ్చిన మారియన్ జీవితచరిత్రలో బాణాల ఊసే లేదు. మారియన్ దళంలోని నేథన్ సావేజ్ అనే మామూలు సైనికుడు గుగ్గిలం, గంధకం కలిపిన ఉండకు నిప్పంటించి కప్పు మీదికి విసిరాడని అందులో ఉంది. ఒకే మధ్యాహ్నానికి రెండు కథలు. లీ కథలో లీ ఉన్నాడు, మారియన్ కథలో మారియన్ మనిషి ఉన్నాడు. ఎవరి పెళ్లిలో వాళ్లే పెళ్లికొడుకులు.

తవ్వకాల సంగతికి వస్తే, దక్షిణ కరోలినా విశ్వవిద్యాలయం పురాతత్వ సంస్థకు చెందిన స్టీవెన్ స్మిత్, జేమ్స్ లెగ్ బృందం అక్కడ చాలా ఏళ్లు పనిచేసింది. మెటల్ డిటెక్టర్లతో పొలమంతా గళ్లు గీసి వెతికారు. దొరికిన ప్రతి సీసపు గుండునూ దొరికిన చోటుతో సహా పటం మీద గుర్తించారు. ఎంచిన చోట్ల తవ్వారు. కోట కందకం జాడ దొరికింది. ముట్టడిదారులు కోట వైపు తవ్వుకుంటూ వచ్చిన కందకం జాడా దొరికింది. నా దృష్టిలో రెండోదే అసలు పంట.

ఉప్పుకప్పురంబు:
ఒక్క సందేహం. లీ రాశాడు, మారియన్ వాళ్లు రాశారు, బ్రిటిష్ వారి ఉత్తరాలున్నాయి. అయిదు రోజుల ముట్టడికి ఏళ్ల తరబడి పొలంలో గళ్లు గీయడం దేనికి? దొరికేది నాలుగు గుండ్లు, రెండు గుండీలు. యుద్ధంలో గుండ్లు పేలాయని మనకు ముందే తెలుసు కదా.

లెక్కల మాస్టారు:
ఆ నాలుగు గుండ్లు ఏం మాట్లాడతాయో చూడండి సార్.

సీసపు గుండు దేనికైనా తగిలితే అప్పడంలా అణిగిపోతుంది, వ్యాసం కొలవడానికి కుదరదు. కానీ బరువు పెద్దగా పోదు. న్యూజెర్సీలోని మన్మత్ యుద్ధభూమిలో పనిచేసిన డేనియల్ సివిలిచ్ దీనికో చిన్న సూత్రం కట్టాడు. గ్రాముల్లో బరువు తీసుకుని దాని ఘనమూలాన్ని 0.2232తో గుణిస్తే, గుండుగా ఉన్నప్పటి వ్యాసం అంగుళాల్లో వస్తుంది.

నలిగిపోయిన ముక్క 30 గ్రాములు తూగితే వ్యాసం 0.69 అంగుళాలు. బ్రిటిష్ సైనికుల మామూలు తుపాకీ అయిన బ్రౌన్ బెస్ మస్కెట్ గొట్టం 0.75 అంగుళాలది. అందులో సులువుగా జారేలా ఈ సైజు గుండు వేసేవారు. 24 గ్రాములైతే 0.64, ఫ్రెంచి షార్ల్‌విల్ మస్కెట్‌కు సరిపోయేది. ఫ్రాన్స్ నుంచి అమెరికన్ సైన్యానికి వేలకు వేలు వచ్చినవి అవే. 12 గ్రాములైతే 0.51, ఇది రైఫిల్ గుండు అయ్యే అవకాశం ఎక్కువ. రైఫిల్‌లో గుండుకు నూనె గుడ్డ చుట్టి బిగించి దింపుతారు. ఒక్కోసారి ఆ గుడ్డ నేత గీతలు సీసం మీద అచ్చుపడి ఇప్పటికీ కనిపిస్తాయి.

పేలనిదీ పేలినదీ కూడా తేడా తెలుస్తుంది. చేతిలోంచి జారిపడిన గుండు తెల్లటి పూత పట్టి, అచ్చు గీతతో, పోత కాడ కోసిన గుర్తుతో గుండ్రంగానే ఉంటుంది. అలాంటివి గుంపుగా దొరికాయంటే అక్కడ ఎవరో నిలబడి తుపాకీ నింపుకుంటున్నారన్నమాట. నలిగినవి గుంపుగా ఉంటే అక్కడ ఎవరో తల దాచుకుంటున్నారు. రెంటి మధ్య గీత గీస్తే, ఎవరు ఎటు కాల్చారో, ఎంత దూరం నుంచి కాల్చారో తేలుతుంది. లీ అయినా మారియన్ అయినా ఈ లెక్క రాసిపెట్టలేదు.

ఉప్పుకప్పురంబు:
సూత్రం బాగుంది. కానీ 0.69 గుండు బ్రిటిష్ వాడిదే అని ఎవరు చెప్పారు? మారియన్ మనుషులు పట్టుకున్న తుపాకులతోనే కదా సగం యుద్ధం చేసింది.

పాతరాళ్లు:
మంచి దెబ్బ కొట్టారు. అందుకే సైజు చూసి పక్షం తేల్చేవాడిని నమ్మకూడదు. మిలీషియా మనిషి ఇంట్లో ఏది ఉంటే అది పట్టుకొచ్చేవాడు. వేట తుపాకీ కావచ్చు, యుద్ధంలో దొరికిన బ్రౌన్ బెస్ కావచ్చు. అయితే ముట్టడికి ఒక సుగుణం ఉంది. మైదానంలో జరిగే యుద్ధంలో రెండు సైన్యాలూ ఒకే నేల మీద ముందుకూ వెనక్కూ పోతాయి, ఎవరి గుండు ఎవరిదో కలిసిపోతుంది. ముట్టడిలో లోపలివాడు లోపలే ఉంటాడు. దడి లోపల నలిగి దొరికినది బయట నుంచి వచ్చింది, బయట నలిగి దొరికినది లోపలి నుంచి వెళ్లింది. అప్పుడు సైజుల తేడాకు అర్థం వస్తుంది.

చిన్న ముట్టడికి ఇంకో సుగుణం కూడా ఉంది. అయిదారు రోజుల్లో ముగిసిపోతుంది, తర్వాత సైన్యాలు అక్కడ ఉండవు. ఫోర్ట్ మోట్‌లో దండు ఉన్నది కొన్ని నెలలే. చార్లెస్టన్‌లాంటి చోట మూడు శతాబ్దాల చెత్త ఒకదాని మీద ఒకటి పడి ఉంటుంది. అందులో 1780 నాటి ముట్టడిని ఏరుకోవడం చాలా కష్టం.

మరొకటి. నలిగినట్టు, పళ్లగాట్లతో ఉన్న గుండ్లను చూపించి, గాయపడినవాడు నొప్పికి కొరుక్కున్నాడని ప్రదర్శనశాలల్లో కథలు చెబుతారు. వాటిలో చాలా మటుకు పందులు నమిలినవి. సైన్యం వెళ్లాక పొలంలోకి వదిలిన పందులు.

సాంటీ ఒడ్డు:
నేను దక్షిణ కరోలినా రాజధాని కొలంబియాలో ఉంటాను. ఈ చోట్లు నేను వెళ్లి చూసినవే కాబట్టి నా వంతు.

ఫోర్ట్ వాట్సన్ చూస్తే మొదట కోట కనబడదు, పెద్ద మట్టిదిబ్బ కనబడుతుంది. యూరోపియన్లు రాకముందే అక్కడి ఆదివాసులు కట్టిన దిబ్బ అది. చుట్టూ చదును నేల కావడంతో బ్రిటిష్ వారికి తయారుగా దొరికిన బురుజు అయింది. లెఫ్టినెంట్ మెకే కింద నూరు మందికి పైగా ఉన్నారు. మారియన్, లీల దగ్గర అప్పటికి ఫిరంగి లేదు. ముందు నీళ్ల దారి మూసేశారు. మెకే లోపల బావి తవ్వించాడు, నీళ్లు పడ్డాయి. ముట్టడి అక్కడికి ఆగిపోవాల్సింది. అప్పుడు మేజర్ హెజెకయా మాహమ్ అనే అధికారి దుంగలతో గోపురం కడదామన్నాడు. దుంగలు దూరంగా నరికి కొలతలకు కోసి, రాత్రికి రాత్రి దిబ్బ పక్కన పేర్చి లేపారు. తెల్లారేసరికి పైనుంచి రైఫిల్ మనుషులు దడి లోపలికే కాలుస్తున్నారు. ఎవరూ తల ఎత్తలేకపోయారు. అంతే, లొంగుబాటు.

అక్కడ 1970లలో లీలాండ్ ఫెర్గూసన్ తవ్వాడు. గుండ్లు పడిన చోట్లను పటం మీద పెట్టి ముట్టడిని మళ్లీ చదవడం అప్పటికి కొత్త. దడి గుంజలు ఎప్పుడో చివికిపోయాయి. కానీ గుంజ పాతిన గుంటలో చేరిన మట్టి రంగు వేరు. పైమట్టి నెమ్మదిగా గీకితే పసుపు నేలలో నల్లటి గుండ్రటి మచ్చలు వరసగా బయటపడతాయి. చెక్క పోయినా దాని నీడ మిగిలినట్టు. ఏ గుంజ ఎంత లావో, ఎంత దగ్గరగా పాతారో కొలవవచ్చు. ఇది చూశాక నాకు తవ్వకం అంటే వస్తువులు వెతకడం కాదనిపించింది.

1940ల మొదట్లో సాంటీ నదికి ఆనకట్ట కట్టినప్పుడు చుట్టూ నేల చాలా మునిగింది. దిబ్బ మిగిలింది. ఆ జలాశయానికి మారియన్ పేరే పెట్టారు.

పాతరాళ్లు:
నీడ పోలిక బాగుంది. దుక్కిలోని వస్తువులు నాగలి వల్ల కొంత అటూ ఇటూ జరుగుతాయి, కానీ మొత్తం గుంపు ఆకారం చెడదు. కందకాలు, గుంజల గుంటలు నాగలి అందనంత లోతులో ఉంటాయి కాబట్టి అడుగు భాగం నిలిచిపోతుంది. తవ్వేవాడికి ఈ రెండూ చాలు.

కందకం:
పాతరాళ్లు గారూ, రెండో కందకమే అసలు పంట అన్నారు. ఎందుకు?

పాతరాళ్లు:
దాన్ని ఎవరు తవ్వారో చూడండి. లీ దాచలేదు. నాలుగు గంటలకో జట్టు చొప్పున పని నడిచిందని, మారియన్ పలుకుబడితో పక్క తోటల నుంచి నీగ్రోలను రప్పించారని, అందువల్ల పని వేగంగా సాగిందని రాశాడు. అంటే బానిసలు. ఆ ఒక్క వాక్యంతో వాళ్లు కథలోంచి వెళ్లిపోతారు. ఆ తర్వాత పేజీలన్నీ బాణాలు, విందు, ఆ ఇల్లాలి హుందాతనం.

నేలలో లెక్క తిరగబడుతుంది. బాణాల పని ఒక మధ్యాహ్నం. కందకం పని రోజులకు రోజులు, కోట నుంచి గుండ్లు వస్తుండగా. పటం మీద మిగిలిన పెద్ద గీత ఆ తవ్వకమే. వీరుల జాడ వెతకాలి, బానిసల జాడ వెతకనక్కరలేదు. పేర్లు మాత్రం దొరకవు. నేల పేర్లు రాసుకోదు.

నైంటీ సిక్స్‌లోనూ ఇదే. అక్కడ నక్షత్రం ఆకారపు మట్టికోటలో కల్నల్ క్రూగర్, దాదాపు 550 మంది. అందరూ రాజభక్తులైన అమెరికన్లే, ఎక్కువమంది న్యూయార్క్, న్యూజెర్సీ వాళ్లు. బయట అమెరికన్ సేనాని జనరల్ గ్రీన్, వెయ్యి మంది దాకా, ఇంజినీరు పోలండ్ నుంచి వచ్చిన కొష్యూష్కో. మే 22 నుంచి జూన్ 19 దాకా ఆ ఎర్రమట్టిలో ఒకదాని వెనక ఒకటిగా కందకాలు, ఒక సొరంగం. కోట లోపల తవ్విన బావిలో నీళ్లు పడలేదు. రాత్రిళ్లు నల్లజాతి మనుషులను బట్టల్లేకుండా బయటికి పంపి నీళ్లు తెప్పించారు. చీకట్లో వాళ్ల ఒళ్లు కనబడదని! ఇది కోటలోని రాజభక్తుల వైపు వాళ్లే చెప్పిన మాట. రాడన్ వస్తున్నాడని తెలిసి జూన్ 18న గ్రీన్ తొందరపడి దాడి చేయించాడు, అది విఫలమైంది.

సాంటీ ఒడ్డు:
నైంటీ సిక్స్‌లో ఆ నక్షత్రం గోడలు కొంత ఎత్తు తగ్గినా ఇప్పటికీ నిలిచే ఉన్నాయి. ముట్టడి కందకాలను స్టాన్లీ సౌత్ 1970ల మొదట్లో మట్టి రంగుల తేడా పట్టుకుని వెతికాడు. ఆ గీతల మీదే ఇప్పుడు చూపిస్తున్నారు. చివరి కందకంలో నిలబడి చూస్తే, కోట గోడ మరీ దగ్గరగా ఉంటుంది. మాట్లాడుకుంటే వినబడేంత. పుస్తకంలో చదివినప్పుడు ఇంత దగ్గర అని తోచదు.

ఉప్పుకప్పురంబు:
ఇంతకీ బాణమా, గంధకం ఉండా? అది తేల్చని తవ్వకం నాకెందుకు?

లెక్కల మాస్టారు:
తేలే రకం ప్రశ్న కాదది. బాణానికి ఇనుప మొన ఉంటుంది, అది నిలుస్తుంది. గంధకం ఉండ కాలిపోతుంది, ఏమీ మిగలదు. ఒక పక్షం సాక్షి బతికే రకం, ఇంకో పక్షం సాక్షి చచ్చే రకం. మొన దొరికినా బాణం వచ్చిందని తెలుస్తుంది కానీ ఇల్లు అంటుకున్నది దానివల్లే అని తెలియదు. కాలిన మేకులు, కరిగిన గాజు దొరికితే మంట ఎటు వైపు పట్టిందో చెప్పవచ్చు. అక్కడి నుంచి ముందుకు పోతే ఊహ.

గోల్కొండవాసి:
విల్లు విషయంలో నన్ను చల్లార్చారు, సరే. కానీ రాడన్ పేరు చూసి ఊరుకోలేను. ఫోర్ట్ మోట్ నుంచి నెగళ్లు కనిపించినవాడు, నైంటీ సిక్స్‌ను కాపాడినవాడు, మనకు వేరే పేరుతో బాగా తెలుసు. 1813 నుంచి 1823 దాకా ఇండియా గవర్నర్ జనరల్‌గా ఉన్న మార్క్వెస్ ఆఫ్ హేస్టింగ్స్ ఆయనే. హైదరాబాదులో నిజాముకు భారీ వడ్డీలకు అప్పులిచ్చిన పామర్ కంపెనీ గొడవ చదివినవాళ్లకు గుర్తుంటుంది. అందులో భాగస్వామి విలియం రంబోల్డ్, హేస్టింగ్స్ ఇంట్లో పెరిగిన అమ్మాయికి భర్త. రెసిడెంటుగా వచ్చిన మెట్‌కాఫ్ ఆ లెక్కలు తిరగేశాక హేస్టింగ్స్‌కు తలనొప్పి పట్టుకుంది. యార్క్‌టౌన్‌లో ఓడిన కార్న్‌వాలిస్ శ్రీరంగపట్నం ముట్టడించాడని అందరూ చెబుతారు, రాడన్ గురించి ఎవరూ చెప్పరు.

కందకం:
ఇది నాకు కొత్త! కామ్డెన్ నుంచి కోఠీ దాకా.

బొబ్బిలి వీధి:
1757 బొబ్బిలి ముట్టడి నేల మీద ఇలా గుండ్ల పటం గీస్తే ఎంత బాగుంటుంది?

కందకం:
బాగుంటుంది, కానీ దానికి వేరే చర్చ మొదలుపెట్టండి, అందరం వస్తాం. ఇక్కడ కలిపితే పాపారాయుడు కరోలినాను మింగేస్తాడు.

ఉప్పుకప్పురంబు:
చివరి సందేహం. అక్కడ ఎవరికి పడితే వారికి మెటల్ డిటెక్టర్ ఉంటుంది కదా. స్మిత్, లెగ్ వెళ్లేలోపే సగం పట్టుకుపోయి ఉంటారు.

పాతరాళ్లు:
పోయాయి. ప్రైవేటు పొలంలో యజమాని ఒప్పుకుంటే వెతకడం అక్కడ నేరం కాదు. యుద్ధభూములన్నీ దశాబ్దాలుగా అలా ఖాళీ అవుతూ వచ్చాయి. కామ్డెన్‌లో ఈ బృందం ఒక తెలివైన పని చేసింది. సేకరించినవాళ్ల దగ్గరికే వెళ్లి, మీ దగ్గర ఏముంది, ఎక్కడ దొరికింది అని అడిగి రాసుకున్నారు. గుండు పోయినా దాని చోటు కొంతమేర తిరిగి దక్కింది. తిట్టి పంపి ఉంటే అదీ దక్కేది కాదు. దీన్ని వృత్తి నీతికి విరుద్ధం అనేవాళ్లున్నారు. నేను అనను.

అదే కామ్డెన్‌లో 2022లో 14 మంది సైనికుల అవశేషాలు లోతు తక్కువ గుంతల్లో బయటపడ్డాయి. మరుసటి ఏడాది సైనిక మర్యాదలతో తిరిగి ఖననం చేశారు. గుండీలు చూసి దళం చెప్పగలగడం అలాంటి చోట పనికొస్తుంది. బ్రిటిష్ మామూలు సైనికుల గుండీల మీద 1760ల చివరి నుంచి రెజిమెంటు సంఖ్య ఉండేది. రాజభక్త దళాల వాటి మీద ఆర్‌పీ (రాయల్ ప్రొవిన్షియల్స్) అనే అక్షరాలు.

గోల్కొండవాసి:
మా అమ్మాయి షార్లెట్‌లో ఉంటుంది. వచ్చే వేసవిలో వెళ్తున్నాం. వీటిలో ఏది చూడవచ్చు?

సాంటీ ఒడ్డు:
ఒక్క రోజే ఉంటే నైంటీ సిక్స్. కందకాలు, నక్షత్ర కోట నడిచి చూడవచ్చు, ఎండ ముదరక ముందే వెళ్లండి. రెండో రోజు దొరికితే ఫోర్ట్ వాట్సన్. అది వన్యప్రాణి సంరక్షణ కేంద్రంలో ఉంది, దిబ్బ మీదికి మెట్లున్నాయి. పైకెక్కి, మాహమ్ గోపురం ఎంత ఎత్తు లేచి ఉంటే లోపలికి గుండు దిగుతుందో మీరే అంచనా వేసుకోండి. అల్లుడుగారికి మెటల్ డిటెక్టర్ సరదా ఉంటే మాత్రం దాన్ని ఇంట్లోనే వదిలి రమ్మనండి. ఆ రెండూ ఫెడరల్ ప్రభుత్వ భూములు, అక్కడ గుండు తీస్తే జరిమానాతో పోదు.